గుడ్డ సంచి, పెన్సిల్ చీటీ

విత్తనాలు దాచే పని తలుచుకుంటే ముందు గుడ్డ సంచే గుర్తొస్తుంది. పలచటి నూలు గుడ్డ, మూతికి నాడా. లోపల ఒక చీటీ, బయట నాడాకు కట్టిన ఇంకో చీటీ, రెండింటి మీదా ఒకటే నంబరు. రాత మాత్రం పెన్సిల్‌తోనే. సిరా అయితే పచ్చి గింజల తేమకు అలుక్కుపోయేది, ఎండకు వెలిసిపోయేది. పెన్సిల్ గీతను యాభై ఏళ్ల తరవాత కూడా చదవొచ్చు. బయటి చీటీ ప్రయాణంలో ఊడిపోతుందని అందరికీ తెలుసు, అందుకే లోపలిది. ఇక గుడ్డే ఎందుకంటే, పొలంలోంచి అప్పుడే తీసిన గింజ ఇంకా ఊపిరి తీస్తూ ఉంటుంది. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగిస్తే రాత్రికి రాత్రే చెమరుస్తుంది, వేడెక్కుతుంది, మర్నాటికి ముక్క వాసన మొదలవుతుంది. కొండలెక్కి, ఎడారులు దాటి సేకరించిన నమూనా విత్తన నిధికి, అంటే పంట రకాల గింజల్ని తరాలపాటు దాచే జన్యు బ్యాంకుకి, చేరకముందే చచ్చిపోవడానికి ఆ ఒక్క రాత్రి చాలు.

ఆ సంచులు పట్టుకుని తిరిగిన తరం పాటించిన పద్ధతులు ఇప్పటికీ పెద్దగా మారలేదు. చేలో అడుగుపెట్టాక చేతిని అదుపులో పెట్టుకోవడమే అన్నిటికంటే కష్టం. నిండుగా ఉన్న కంకి వైపే చెయ్యి పోతుంది. పోనివ్వకూడదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడుస్తూ, ఇన్ని అడుగులకు ఒక మొక్క అని లెక్క పెట్టుకుని, అడుగు ఆగిన చోట ఏది ఉంటే దాన్నే కోయాలి. అది గిడసబారినదైనా సరే. అలా 50 నుంచి 100 మొక్కలు, ఒక్కో దాని నుంచి ఇంచుమించు సమానంగా గింజలు. ఈ అంకె ఊరికే పుట్టలేదు. ఆ చేలో నూటికి ఐదు పాళ్లకు మించి ఉన్న ఏ జన్యు రూపమైనా ఆ సంచిలో కనీసం ఒక్కసారి పడే అవకాశం నూటికి 95 వంతులు ఉండాలన్నది లెక్క.

కంటికి నచ్చినదే కోసుకొస్తే ఏం పోతుందో చెప్పడానికి పాతవాళ్లు ఒక గోధుమని గుర్తుచేసేవాళ్లు. దాన్ని నంబరుతోనే పిలుస్తారు: పీఐ 178383. 1948లో అమెరికా వృక్ష శాస్త్రవేత్త జాక్ హార్లాన్ తూర్పు టర్కీలో సేకరించాడు. సన్నటి కాడ, పొడుగ్గా పెరిగి పడిపోయే తీరు. ఆకు మీద తుప్పు తెగులుకు లొంగేది, చలికి ఆగేది కాదు, రొట్టెకు కూడా బాగుండేది కాదు. పదిహేనేళ్లపాటు దాని వంక ఎవరూ చూడలేదు. 1963లో అమెరికా వాయవ్య ప్రాంతపు గోధుమ మీద చారల తుప్పు తెగులు విరుచుకుపడ్డాక నిధిలో వెతికితే, ఆ తెగులు తెగల్లో నాలుగింటిని ఇది తట్టుకుంటుందని తేలింది. దాంతోపాటు కామన్ బంట్ అనే కాటుక తెగులు 35 తెగలకు, డ్వార్ఫ్ బంట్ 10 తెగలకు కూడా. అక్కడి గోధుమ రకాల తయారీలో ఆ తరవాత అది పాలుపంచుకుంటూనే ఉంది. పదిహేనేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు, జాగా చాలడం లేదని ఎవరైనా ఆ సంచి తీసి పక్కన పడేసి ఉంటే అంతే.

సంచితోపాటు ఒక నోటుపుస్తకం నడిచేది. పంట పేరు, ఆ రకాన్ని అక్కడివాళ్లు పిలిచే పేరు, ఊరు, ఎత్తు, నేల రంగు, నీటి వసతి, ఎప్పుడు విత్తుతారు, ఎప్పుడు కోస్తారు, దేనికి వాడతారు, దాని మీద వాళ్లకున్న ఫిర్యాదు ఏమిటి. ఈ వివరాలనే ఇప్పుడు పాస్‌పోర్ట్ డేటా అంటున్నారు. ఇది లేని గింజ బతికే ఉన్నా దానికి ఊరూ పేరూ ఉండవు. కరువును తట్టుకునే జొన్న కావాలని అడిగినవాళ్లకు వేల పొట్లాల్లోంచి ఏది తీసివ్వాలో చెప్పగలిగేది ఆ నోటుపుస్తకమే. పాత రిజిస్టర్లలో "ఉప్పునేల, అయినా పచ్చగా ఉంది" లాంటి ఒక్క ముక్క రాసి ఉంటే, దశాబ్దాల తరవాత చదివేవాళ్లకు అది నిధి కింద లెక్క. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు సరిపోయే గడి లేదని ఇలాంటి ముక్కల్ని వదిలేయడం చాలా బాధపెట్టే విషయం. గడి లేకపోతే వ్యాఖ్య కింద ఉన్నదున్నట్టు దించాలి.

గింజ ఇంటికొచ్చాక శుభ్రం చేయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. జల్లెడ పట్టి, తూర్పారబట్టి, తాలు, పొల్లు, మట్టి బెడ్డలు తీసేయాలి. యంత్రంతో నూర్పిడి వద్దు. పప్పుజాతి గింజ బాగా ఎండిన తరవాత దెబ్బ తగిలితే పైకి కనపడని పగుళ్లు పడతాయి, ఆ పగులు వయసుతోపాటు పెరుగుతుంది. ఇంకొకటి: చిన్న గింజలు, ముడతలు పడ్డ గింజలు, రంగు తేడాగా ఉన్నవి ఏరి పారేయకూడదు. అవి చెత్త కాకపోవచ్చు, ఆ రకంలో ఉన్న వైవిధ్యమే అయ్యుండొచ్చు. పుచ్చువి, విరిగినవి, బూజు పట్టినవి మాత్రమే తీసేయాలి. పప్పుధాన్యాల్లో పుచ్చు పురుగు గుడ్లు చేలోనే కాయల మీద పడి ఉంటాయి. గింజ చూడటానికి బాగానే ఉంటుంది, నెల తిరిగేసరికి గుండ్రటి చిల్లులు కనిపిస్తాయి.

ఆరబెట్టడం దగ్గర కాస్త ఆగాలి. ఈ పని మొత్తానికి ప్రాణం అక్కడుంది. చూడవచ్చినవాళ్లు చలి గదిని చూసి ఆశ్చర్యపోతారు గానీ, తడి గింజని చలి కాపాడదు, చంపుతుంది. 15 శాతం పైన తేమ ఉన్న గింజని మైనస్ 18 డిగ్రీల్లో పెడితే లోపలి నీరు గడ్డకట్టి, ఆ మంచు కణాల్ని చీల్చేస్తుంది. అదే గింజని 6 శాతానికి ఆరబెడితే గడ్డకట్టడానికి లోపల విడి నీరంటూ ఉండదు.

గింజ ఆయుష్షుకి పొడితో, చలితో ఉన్న సంబంధాన్ని విత్తన శాస్త్రవేత్త జేమ్స్ హారింగ్టన్ ఒక బండ లెక్కలో పెట్టాడు. విత్తనాల పనిలో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదట నేర్చుకునేది అదే. తేమ ఒక శాతం తగ్గిన ప్రతిసారీ గింజ ఆయుష్షు రెండింతలు. నిల్వ ఉంచిన చోట వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ మళ్లీ రెండింతలు. 12 శాతం తేమతో 30 డిగ్రీల గదిలో ఒక్క ఏడాది బతికే గింజ ఉందనుకుందాం. దాన్ని 7 శాతానికి ఆరబెడితే ఐదుసార్లు రెండింతలు, అంటే 32 ఏళ్లు. గది అదే, కరెంటు ఖర్చు లేదు. ఆ తరవాత 5 డిగ్రీల చలిలో పెడితే మరో 32 రెట్లు, మొత్తం వెయ్యేళ్లు దాటుతుంది. ఇది కాగితం మీది లెక్క. తేమ 5 నుంచి 14 శాతం మధ్య, వేడి 0 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే ఇది సుమారుగా నిలుస్తుంది. ఇంకా కిందికి ఎండబెట్టుకుంటూ పోతే లాభం సన్నగిల్లి ఒకచోట ఆగిపోతుంది. ఉల్లి, గోధుమ, సోయా అన్నీ ఒకే వేగంతో ముసలివి కావు కూడా. అందుకే 1980లో ఎల్లిస్, రాబర్ట్స్ అనే శాస్త్రవేత్తలు పంట పంటకీ వేరే విలువలుండే సమీకరణం ఇచ్చారు. అయినా హారింగ్టన్ లెక్క నోటికి పట్టుబడినంతగా ఆ సమీకరణం ఎవరికీ పట్టుబడలేదు.

పొడిగా మూతి బిగిస్తే గింజ ఎంతకాలం ఆగుతుందో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో తెలిసింది. 1832లో ఒక నాటకశాల పునాదిరాయిలో గాజు గొట్టాల్లో పెట్టి మూసేసిన బార్లీ, ఓట్స్ గింజలు 123 ఏళ్ల తరవాత బయటపడ్డాయి. వాటిలో కొన్ని మొలిచాయి. మరోపక్క ఈజిప్టు సమాధుల్లోని గోధుమలు వేల ఏళ్ల తరవాత మొలిచాయని తరచూ చెప్పుకుంటారు. అది నిజం కాదు. సమాధి పొడిగా ఉన్నా చల్లగా ఉండదు, అక్కడి గోధుమ ఏదీ మొలవలేదు.

ఇప్పటి జన్యు బ్యాంకుల్లో ఆరబెట్టే గది 15 డిగ్రీల వేడి, గాలిలో 15 శాతం తేమ దగ్గర ఉంటుంది. గింజల్ని గుడ్డ సంచుల్లోనో వల సంచుల్లోనో పోసి, గాలి ఆడేలా వదులుగా పేరుస్తారు. మూడు నాలుగు వారాలు, పెద్ద గింజలకు ఇంకా ఎక్కువ. ఆ గదిలో ధాన్యాలు 6, 7 శాతం తేమ దగ్గర ఆగితే వేరుశనగ 3, 4 దగ్గర ఆగుతుంది. వేరుశనగ ఎక్కువ ఎండిందని కాదు. నూనె నీటిని పట్టుకోదు, గింజలో సగం దాకా నూనే కాబట్టి మిగతా సగంలోని నీరే లెక్కకొస్తుంది. ఈ సంగతి తెలియక నూనెగింజల్ని 8 శాతం దగ్గర ఆపి, ధాన్యానికి ఇది చాలు కదా అని మూసేసిన డబ్బాలు చాలాచోట్ల మురిగిపోయాయి. నూనెగింజకు 8 శాతం అంటే తడి కిందే లెక్క.

గది లేని చోట సిలికా జెల్ ఉండేది. పాతకాలపు నీలం గుళికలు, తేమ పీల్చిన కొద్దీ గులాబీ రంగుకి తిరిగేవి. ఆ నీలానికి కారణమైన కోబాల్ట్ క్లోరైడ్ ఆరోగ్యానికి హాని కాబట్టి ఇప్పుడు నారింజ రంగువి వాడుతున్నారు. గింజల బరువుకు సమానంగా జెల్ తీసుకోవాలి, రెండూ కలిసిపోకుండా గుడ్డ సంచిలో విడిగా వేసి గాలి చొరని డబ్బాలో పెట్టాలి. రంగు మారగానే తీసి కొత్తది వేయాలి. తడిసినదాన్ని 105 నుంచి 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. ఎక్కువ మంటపెడితే రంగు చూపే గుణం పోతుంది. పొయ్యిమీద నుంచి తీసిన జెల్‌ని బయట చల్లారనిస్తే గదిలోని తేమంతా పీల్చుకుంటుంది. మూత బిగించిన సీసాలోనే చల్లారాలి.

తేమ ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి తక్కెడ ఒకటి చాలు, గింజల్ని పాడుచేయక్కర్లేదు. మొదట కొన్ని గింజలు బలిచ్చి తేమ కొలుస్తారు: 103 డిగ్రీల పొయ్యిలో 17 గంటలు, బరువు తేడా చూసుకోవడం. అక్కణ్నుంచి లెక్కే. చివరి బరువు ఎంతుండాలంటే, మొదటి బరువుని (100 లోంచి మొదటి తేమ తీసేయగా మిగిలినదానితో) గుణించి, (100 లోంచి కావలసిన తేమ తీసేయగా మిగిలినదానితో) భాగించాలి. 12 శాతం తేమ ఉన్న 1000 గ్రాముల గింజలు 6 శాతానికి రావాలంటే 1000ని 88తో గుణించి 94తో భాగిస్తే 936 గ్రాములు. సంచి మీద ఆ అంకె రాసిపెట్టి రోజూ తూచుకోవడమే. 120 గ్రాముల నీరుంటే 60 పోవాలి కదా, 940 దగ్గర ఆపేద్దాం అనుకోవడం అందరూ చేసే తప్పు. నీరు పోయిన కొద్దీ మొత్తం బరువు కూడా తగ్గుతుందని మరిచిపోతారు.

నడి ఎండలో బండల మీద ఆరబోయడం మాత్రం దీర్ఘకాలపు నిల్వకి పనికిరాదు. గింజ ఎంత తడిగా ఉంటే వేడిని అంత తక్కువగా భరిస్తుంది. తడి గింజ 45 డిగ్రీలు దాటిన బండ మీద గంటల తరబడి ఉంటే మొలక శాతం ఆ వారం తేడా చూపించకపోవచ్చు, పదేళ్ల తరవాత చూపిస్తుంది. వరి విషయంలో ఒక మినహాయింపు బయటపడింది. బాగా తడిగా కోసిన వరిని మొదట 45 డిగ్రీల వేడి గాలితో కొద్దిరోజులు విడతలుగా ఆరబెట్టి ఆ తరవాత చల్లటి గదికి మారిస్తే, మొదటి నుంచీ చల్లటి గదిలో ఉంచినదానికంటే ఎక్కువ కాలం బతుకుతోందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో చూశారు. అప్పటికింకా గింజ పూర్తిగా తయారు కాలేదని, ఆ వెచ్చదనంలో తయారీ పూర్తి చేసుకుంటోందని అర్థం. కోతకాలం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. వారం ముందు కోసిన గింజకు ఆయుష్షు తక్కువ, వానలో నానినదానికి ఇంకా తక్కువ.

డబ్బాల చరిత్ర చెప్పుకోవాలంటే చాలా ఉంది. కాగితం కవర్లు, చెక్క సొరుగులు, మైనం పూసిన బిరడా సీసాలు, రబ్బరు వాషరున్న రేకు డబ్బాలు. గాజు సీసాల అందం మాత్రం దేనికీ రాదు. వరుసగా అరల మీద నిలబెడితే చిక్కుళ్ల రంగులు, మొక్కజొన్నల నలుపు, ఎరుపు, మచ్చలు అన్నీ కనపడేవి. లోపల నాలుగు నీలం గుళికలు వేస్తే మూత ఎక్కడ వదులైందో దూరం నుంచే తెలిసిపోయేది. ఇప్పటి అల్యూమినియం పొట్లాలు తక్కువ జాగా తీసుకుంటాయి, గాలి తీసి వేడితో అతికిస్తే ఏళ్లతరబడి తేమని రానివ్వవు, కానీ లోపల ఏం జరుగుతోందో చెప్పవు. వరి, బార్లీ లాంటి ముళ్లున్న గింజలు లోపలి నుంచి సూదిమొనంత చిల్లు చేస్తే ఎవరికీ కనపడదు. అలాంటివాటికి రెండు పొట్లాలు వాడాలి, లేదా ముందు కాగితం కవరులో వేసి ఆ తరవాత పొట్లంలో పెట్టాలి. అతుకు మీద దుమ్ము గానీ పొట్టు గానీ పడితే అక్కడ కూడా కారుతుంది. అతికించాక నీళ్లలో ముంచి నొక్కితే బుడగలు వస్తాయో లేదో చూడొచ్చు. ఒక్కో నమూనాకి గింజలు కనీసం వెయ్యి ఉండాలి, 1500 నుంచి 2000 ఉంటే నిశ్చింత.

చలి గది ప్రమాణం మైనస్ 18, మూడు డిగ్రీలు అటూ ఇటూ. పదేపదే వాడే గింజలు విడిగా 5 డిగ్రీల దగ్గర ఉంచుతారు. ఎందుకంటే పొట్లాన్ని చలిలోంచి తీసి వెంటనే తెరిస్తే, చల్లటి గాజుగ్లాసు మీద నీళ్లు పట్టినట్టే గింజల మీద తేమ పడుతుంది. నెలలపాటు ఆరబెట్టిన శ్రమంతా రెండు నిమిషాల్లో పోతుంది. పొట్లాన్ని మూతితోనే రాత్రంతా ఆరబెట్టే గదిలో ఉంచి, వేడి సమానమయ్యాకే తెరవాలి. ఇళ్లలో వాడే ఫ్రిజ్‌లలో మంచు దానంతటదే కరిగేవి ఉంటాయి. అవి రోజూ కొంచెం వేడెక్కి చల్లబడుతుంటాయి, గాలి చొరని డబ్బా లేకుండా వాటిలో గింజ పెట్టకూడదు.

మొలక పరీక్ష చూసే రోజు ఈ పనిలో అన్నిటికంటే గుండె దడ పుట్టించే రోజు. 200 గింజలు, యాభై యాభైగా నాలుగు వాటాలు, తడి కాగితాల మధ్య పరిచి చాపలా చుట్టి నిలబెడతారు. సెనగకు ఐదోరోజు, ఎనిమిదోరోజు లెక్క. గోధుమకు నాలుగు, ఎనిమిది. వరికి ఐదు, పద్నాలుగు. కాగితం విప్పితే తెల్లటి వేళ్లు అన్నీ ఒకవైపు వంగి కనిపించినప్పుడు కలిగే ఊరట చెప్పలేనిది. మొలవకపోతే చచ్చినట్టు కాదు, తొందరపడి రాసేయకూడదు. బాగా ఎండిన పప్పుజాతి గింజని ఒక్కసారిగా తడిలో పెడితే నీరు ఉరికి లోపలికి వెళ్లి కణాలు పగిలిపోతాయి. గింజ బతికే ఉండేది, పరీక్షే దాన్ని చంపింది. ముందు ఒకరోజు మూసిన డబ్బాలో నీళ్లపైన తడి తగలకుండా ఉంచి, గాలిలోని తేమతో మెల్లగా మెత్తబరచాలి. తొక్క గట్టిగా ఉండి నీరే పీల్చని గింజకు బొడ్డుకు ఎదురువైపు చిన్న గాటు పెట్టాలి. కొత్త వరి నిద్రలో ఉంటే 50 డిగ్రీల పొడి వేడిలో కొన్ని రోజులు ఉంచితే లేస్తుంది, గోధుమ అయితే తడిపి చలిలో ఉంచితే లేస్తుంది. ఏదీ కాకపోతే టెట్రాజోలియం ద్రావణం: బతికున్న కణజాలం ఎర్రబడుతుంది, చచ్చినది తెల్లగా ఉండిపోతుంది.

మొదట 90 పైన ఉన్న మొలక శాతం, మొదటిదాంట్లో నూటికి 85 వంతులకు పడిపోయిందంటే ఆ నమూనాని మళ్లీ పొలంలో వేసి కొత్త గింజ తీయాలి. చలి గదులు రాకముందు ఇది రెండు మూడేళ్లకోసారి చేసేవాళ్లు, కొన్ని పంటలకు ఏటా. బోలెడు శ్రమ, అయినా గింజ చేతుల్లో మారిపోతూ ఉండేది. ఆలస్యంగా పూసే మొక్కలు కోతకి అందేవి కావు, ఆ నేలకి నప్పనివి గింజ పెట్టేవి కావు, పక్క వరుస పుప్పొడి తేనెటీగ మోసుకొచ్చేది. ఇరవైసార్లు విత్తాక పేరు అదే ఉండేది, లోపల సగం వేరే పంట. దీర్ఘకాలపు నిల్వ అసలు ప్రయోజనం గింజ బతకడం ఒక్కటే కాదు. అది పొలంలోకి వెళ్లాల్సిన సార్లు తగ్గడం. వెళ్లినప్పుడు కూడా పరపరాగ పంటకి వందకు తగ్గకుండా మొక్కలు ఉంచాలి, సజ్జ, జొన్న కంకులకు పూతకు ముందే సంచులు కట్టాలి. అన్ని మొక్కల నుంచీ సమానంగా గింజలు తీసి కలపాలి. బలంగా కాసిన నాలుగు మొక్కల గింజలతో సంచి నింపేయడం సులువు, అక్కడే వైవిధ్యం పోయేది.

ఇంత జాగ్రత్తా మనుషుల వల్లే పోవచ్చు, మనుషుల వల్లే నిలవచ్చు. లెనిన్‌గ్రాడ్ గుర్తుకు రాకుండా ఈ మాట రాయలేం. రష్యన్ వృక్ష శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ఐదు ఖండాల నుంచి పోగుచేసిన గింజలు అక్కడి సంస్థలో ఉండేవి. 1941 సెప్టెంబరులో ఆ నగరం మీద జర్మన్ సేనల ముట్టడి మొదలైంది, 872 రోజులు సాగింది. ఆ చలికాలంలో ఉద్యోగులకు రోజుకి 125 గ్రాముల రొట్టె. ఎలుకలు ఎక్కకుండా రేకు డబ్బాలు కట్టలుగా కట్టి, వంతులవారీగా కాపలా కాశారు. బంగాళాదుంపలు గడ్డకట్టకుండా దొరికిన కట్టెలన్నీ కాల్చి నేలమాళిగ వెచ్చగా ఉంచారు. వేరుశనగ చూసే అలెగ్జాండర్ షుకిన్ ఆకలితో పోయాడు. వరి చూసే ద్మిత్రీ ఇవానోవ్ చుట్టూ బియ్యపు గింజల సంచులుండగా ఆకలితో పోయాడు. వావిలోవ్ అప్పటికే జైల్లో ఉన్నాడు. 1943 జనవరి 26న సరాతోవ్ జైలులో అతనూ ప్రాణం విడిచాడు. ఆ పేర్లు పలికేటప్పుడు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

అంత త్యాగం ఇంకెవరూ చేయాల్సిన అవసరం రాకూడదనే, ఒకే రకం గింజలు కనీసం ఇంకో దేశంలో కూడా ఉంచాలన్న నియమం వచ్చింది. ఇరాక్‌లో అబూ గ్రెయిబ్ దగ్గరి విత్తన నిధి 2003 యుద్ధంలో కొల్లగొట్టబడింది, కానీ ముఖ్యమైన నమూనాలు ముందే సిరియాలోని అలెప్పోకి చేరాయి. ఫిలిప్పీన్స్ జాతీయ నిధి 2006లో వరదలో మునిగింది, 2012లో కాలింది. ఆ తరవాత అలెప్పోకే యుద్ధం వచ్చింది. అక్కడి ఇకార్డా అనే పొడి నేలల వ్యవసాయ పరిశోధన సంస్థ గోధుమ, బార్లీ, సెనగ, మసూర్ పప్పు నకళ్లని అప్పటికే నార్వేకి చెందిన ఉత్తర ధ్రువ ప్రాంతపు దీవులు స్వాల్బార్డ్‌లోని నిధిలో దాచుకుంది. 2008 ఫిబ్రవరి 26న తెరిచిన ఆ నిధి నుంచి పెట్టెలు వెనక్కి తీసుకోవడం 2015లో మొదటిసారి. వాటిని లెబనాన్‌లో, మొరాకోలో విత్తి, కొత్త గింజ తీసి, 2017 నుంచి మళ్లీ స్వాల్బార్డ్‌లోనే పెట్టారు. అక్కడ పెట్టె ఎవరిదో వాళ్లే తెరవాలి. నార్వే గానీ ఇంకెవరు గానీ ముట్టుకోరు. పటాన్‌చెరులో 1972లో మొదలైన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కూడా తన జొన్న, సజ్జ, సెనగ, కంది, వేరుశనగ నకళ్లు అక్కడికి పంపింది. ఇక్రిశాట్ నిధిలో ఉన్నవి లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు.

గింజ రూపంలో దాచలేనివి కూడా ఉన్నాయి, అవి వేరే లోకం. మామిడి, పనస, కొబ్బరి, కోకో గింజలు ఆరితే చచ్చిపోతాయి. 1973లో రాబర్ట్స్ వాటిని ప్రత్యేకమైన తెగగా గుర్తించాడు. అవి తోటల్లోనే బతకాలి, లేదంటే పిండాన్ని వేరుచేసి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచాలి. కాఫీ ఇటూ అటూ కాని మధ్యరకం.

నిల్వ పెట్టిన గింజ ఎంతకాలం ఆగుతుందో ముందుగా ఎవరూ చూసిరాలేరు కాబట్టి, తరాలు దాటే పరీక్షలు పెట్టినవాళ్లున్నారు. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ ఇరవై సీసాల్లో తడి ఇసుకతో కలిపి 21 రకాల కలుపు మొక్కల గింజలు, రకానికి యాభై చొప్పున, నీళ్లు నిలవకుండా మూతి కిందికి ఉండేలా పూడ్చిపెట్టాడు. చివరగా 2021లో ఒకటి తవ్వారు. వెలుతురు సోకకూడదని రాత్రిపూట తవ్వారు, 142 ఏళ్ల తరవాత కూడా కొన్ని మొలిచాయి. ఇంకా నాలుగు సీసాలు మట్టిలో ఉన్నాయి, చివరిది 2100లో తీయాలి. స్వాల్బార్డ్‌లోనే, పెద్ద నిధి కట్టకముందు, మూడో నంబరు బొగ్గుగనిలో 1984 నుంచే నార్డిక్ దేశాల గింజల నకళ్లు ఉక్కు పెట్టెలో ఉండేవి. 1986లో అక్కడే వందేళ్ల పరీక్ష ఒకటి మొదలుపెట్టారు. యంత్రాలు లేవు, గడ్డకట్టిన నేల చలే. మూతి కరిగించి మూసిన గాజు గొట్టాల్లో గింజలు, కొన్నేళ్లకోసారి కొన్ని గొట్టాలు బయటికి తీసి మొలక చూడటం. మొదటి గొట్టాలు తెరిచినవాళ్లలో చివరివి తెరిచేదాకా ఎవరూ ఉండరు. ఆ గొట్టాలు తెరవబోయేవాళ్ల కోసం ఏ గొట్టంలో ఏ రకం ఉందో, ఎంత తేమతో మూశారో, మొదటి రోజు ఎన్ని మొలిచాయో అన్నీ రాసిపెట్టి ఉన్నాయి.